పాలలో ఒక్క అక్షరం

సీసాలో పాలు తెల్లగానే ఉన్నాయి. మూత మీద మాత్రం ఆకుపచ్చ రంగులో ‘ఏ2’ అని ఉంది.

‘‘ఇదేంటమ్మాయ్... పాలకి కూడా నంబర్లు పెట్టారా?’’ అంది అత్తగారు.

‘‘ఇవి దేశవాళీ ఆవు పాలు అత్తయ్యా. పిల్లాడికి మంచివట. మామూలు పాలు తాగితే లేనిపోని జబ్బులొస్తాయని అందరూ అంటున్నారు’’ కోడలి జవాబు.

‘‘లీటరు ఎంతేమిటి?’’

‘‘మనం పోయించుకునే వాటికి రెట్టింపు.’’

‘‘మీ ఆయన్నీ, మీ ఆడపడుచునీ గేదె పాలు పోసే పెంచాను. వాళ్లకేమయింది చెప్పు!’’

విజయవాడ, హైదరాబాద్, వరంగల్, విశాఖ... ఊరేదైనా ఈమధ్య చాలా వంటిళ్లలో వినిపిస్తున్న మాటలే ఇవి. వాట్సప్ తెరిస్తే జెర్సీ ఆవు పాలు విషమంటూ సందేశాలు. సూపర్‌మార్కెట్‌కి వెళ్తే ఏ2 పాలు, ఏ2 నెయ్యి, ఏ2 పాలకోవా. పక్క ఊళ్లో రెండు సంకర జాతి ఆవుల్ని పెట్టుకుని పిల్లల్ని చదివించుకుంటున్న రైతుకేమో తాను పోస్తున్న పాలు పాలేనా అని అనుమానం. ఇంతకీ ఈ అంకెల గొడవేమిటి? అత్తగారిది చాదస్తమా, కోడలిది భయమా?

చిత్రమేమిటంటే, ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. ఆ నిజం ఆవు కణంలో, ఒక జన్యువులో, ఒకే ఒక్క అక్షరంలో దాక్కుని ఉంది.

పాలు... పాము!

‘పాలు’ అన్న మాటలో చివరి అక్షరం తీసేసి ‘ము’ పెట్టి చూడండి. పాము అవుతుంది! ఒక్క అక్షరంతో అర్థమే మారిపోయింది. ‘పాలు’ని ‘పాల్’ అని రాస్తేనో? అర్థం పెద్దగా మారదు. జన్యువుల్లోనూ అంతే. అక్షరం మారిందంటే ఒక్కోసారి కొంప మునుగుతుంది, ఒక్కోసారి ఏమీ కాదు. ఏ1, ఏ2 వివాదమంతా ఇది వాటిలో ఏ రకం మార్పు అన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది.

లీటరు ఆవు పాలలో సుమారు 32, 33 గ్రాముల ప్రొటీన్లు ఉంటాయి. అందులో అయిదింట నాలుగొంతులు కేసిన్లు. పాలకు ఆ తెలుపు రావడంలోనూ, పెరుగు గట్టిగా తోడుకోవడంలోనూ పెద్ద పాత్ర వీటిదే. కేసిన్లలో నాలుగు రకాలున్నాయి. ఆ నాలుగింటి జన్యువులూ ఆవు ఆరో క్రోమోజోమ్ మీద పక్కపక్కనే, ఒకే వీధిలో నాలుగిళ్లలా ఉంటాయి. వాటిలో ఒకటి బీటా కేసిన్. ఇది 209 అమైనో ఆమ్లాల దండ.

ఆ దండలో 67వ పూస దగ్గరే ఉంది కథంతా. అక్కడ ‘ప్రోలిన్’ అనే అమైనో ఆమ్లం ఉంటే అది ఏ2. ‘హిస్టిడిన్’ ఉంటే ఏ1. డీఎన్‌ఏ భాషలో చూస్తే ‘సీసీటీ’ అని ఉండాల్సిన చోట ‘సీఏటీ’ అయింది. మధ్యలోని సీ పోయి ఏ వచ్చింది. అంతే తేడా!

రెండింటిలో పాతది ఏ2. కొన్ని వేల ఏళ్ల కిందట యూరప్ పశువుల్లో ఈ అక్షరం మారి ఏ1 పుట్టిందని శాస్త్రవేత్తల అంచనా. అక్కడి నుంచి మందలతోపాటూ, తర్వాత కృత్రిమ గర్భధారణ సూదులతోపాటూ అది దేశదేశాలకూ చేరింది.

ఒకే జాతి ఆవుల పాలలో ఇలాంటి తేడాలుంటాయని మొదట బయటపడింది 1955లో. ఆషాఫెన్‌బర్గ్, డ్రూరీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు బ్రిటన్‌లో ఒక్కో ఆవు పాలనూ విడివిడిగా పరీక్షించారు. బీటా లాక్టోగ్లోబ్యులిన్ అనే ప్రొటీన్ కొన్ని ఆవుల్లో ఒక రకంగా, కొన్నింట్లో మరో రకంగా, ఇంకొన్నింట్లో రెండు రకాలుగానూ కనిపించింది. ‘తెల్లనివన్నీ పాలు’ అనుకోకూడదని పెద్దలంటారు. పాలన్నీ కూడా ఒకటి కావని ఆరోజు తేలింది.

ఆవు చేలో మేస్తే...

దూడ గట్టున మేస్తుందా అన్నారు. జన్యువుల విషయంలో ఈ సామెతకు చిన్న సవరణ కావాలి. దూడకు తల్లి నుంచి ఒక బీటా కేసిన్ జన్యువు, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. రెండూ ఏ2 అయితే అది ఇచ్చేవి పూర్తి ఏ2 పాలు. రెండూ ఏ1 అయితే ఏ1 పాలు. ఒకటి అదీ ఒకటి ఇదీ అయితే పాలలో రెండు రకాలూ ఇంచుమించు సగం సగం ఉంటాయి.

ఇప్పుడు ఓ లెక్క. ఒకటి ఏ1, ఒకటి ఏ2 ఉన్న ఆవునీ, అలాంటిదే అయిన ఆబోతునీ కలిపారు. పుట్టే నాలుగు దూడల్లో సగటున ఒకటి పూర్తి ఏ1, ఒకటి పూర్తి ఏ2, రెండు మిశ్రమం. అంటే ఒకే తల్లికీ తండ్రికీ పుట్టిన అక్కచెల్లెళ్లు కూడా వేరువేరు పాలు ఇవ్వొచ్చు. రంగూ మూపురమూ కొమ్ములూ చూసి ఈ సంగతి చెప్పలేం. పాలు రుచి చూసి అసలే చెప్పలేం. తోక వెంట్రుకల కుదుళ్లనో, రక్తాన్నో ప్రయోగశాలలో పరీక్షిస్తేనే తెలుస్తుంది.

మరి జాతిని బట్టి చెప్పలేమా? అవకాశం ఎంతో చెప్పొచ్చు, అంతే. నలుపూ తెలుపూ మచ్చల హోల్‌స్టీన్ మందల్లో ఏ1, ఏ2 రెండూ బాగా కనిపిస్తాయి. స్కాట్లాండ్‌కు చెందిన ఎయిర్‌షైర్ జాతిలో ఏ1 ఎక్కువ. జెర్సీలో మందను బట్టి మారుతుంది, చాలాచోట్ల ఏ2దే పైచేయి. గెర్న్‌సీ అనే జాతిలోనైతే దాదాపు అన్నీ ఏ2లే. ఇదీ విదేశీ ఆవే మరి! కాబట్టి ‘విదేశీ ఆవు అంటే ఏ1’ అనుకోవడం తప్పు. రెండు ఏ2 జన్యువులున్న జెర్సీ ఆబోతుతో ఒంగోలు ఆవుకు పుట్టిన సంకర పెయ్య కూడా పెరిగి పెద్దయ్యాక ఏ2 పాలే ఇస్తుంది.

మన ఆవులు ఏ జట్టు?

హర్యానాలోని కర్నాల్‌లో జాతీయ జంతు జన్యువనరుల బ్యూరో ఉంది. దేశంలోని పశుజాతుల పుట్టుపూర్వోత్తరాలన్నీ నమోదు చేసే సంస్థ ఇది. అక్కడి శాస్త్రవేత్తలు 15 దేశవాళీ జాతులకు చెందిన 600కు పైగా ఆవుల్నీ, ఎనిమిది జాతుల గేదెల్నీ పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. ఆవుల్లో 98 శాతానికి పైగా జన్యువులు ఏ2. ఒకటి రెండు జాతుల్లో మాత్రమే కొద్దిగా ఏ1 కనిపించింది. అంటే, కోడలి మాటలో నిజముంది. దేశవాళీ ఆవు పాలు దాదాపుగా ఏ2 పాలే.

మరి గేదెలో? నూటికి నూరుపాళ్లూ ఏ2!

ఆంధ్రప్రదేశ్‌లో ఉత్పత్తయ్యే పాలలో సగానికి పైగా గేదెలవే. ముర్రా గేదె పాలు పోయించుకుంటున్న ఇల్లాలు ఏ అంకే చూడకుండా, ఏ సీసా కొనకుండా ఏళ్ల తరబడి ఏ2 పాలే తాగిస్తోందన్నమాట. అత్తగారు తెలియక చేసినా సరిగ్గా అదే చేసింది. తేడా ఒక్కటే... అప్పట్లో దానికి పేరు లేదు, ధరా లేదు.

భయం ఎక్కడ పుట్టింది?

న్యూజిలాండ్‌లో. అక్కడి ఆక్లాండ్‌లో బాబ్ ఎలియట్ అనే పిల్లల వైద్యుడు టైప్-1 మధుమేహం మీద పనిచేసేవారు. న్యూజిలాండ్‌కు వలస వచ్చిన సమోవా పిల్లల్లో ఈ జబ్బు ఎక్కువగా, సమోవా దీవుల్లోనే ఉండిపోయిన వారిలో తక్కువగా కనిపించింది. పాలే కారణమా అన్న అనుమానం వచ్చింది. 1999లో ఆయన బృందం వివిధ దేశాల లెక్కలు పక్కపక్కన పెట్టి, ఏ1 ప్రొటీన్ ఎక్కువగా తీసుకునే దేశాల్లో పిల్లల మధుమేహమూ ఎక్కువగా ఉందని రాసింది. 2003లో గుండె జబ్బుల గురించీ ఇలాంటి పోలికే వచ్చింది.

అనుమానానికి ఒక ఆధారమూ దొరికింది. ఏ1 ప్రొటీన్ పేగుల్లో అరిగేటప్పుడు 67వ పూస పక్కన తెగి, ఏడు అమైనో ఆమ్లాల ముక్క విడిపోతుంది. దాని పేరు బీటా కేసోమార్ఫిన్-7. పేరులోనే మార్ఫిన్ ఉంది. ఆ మత్తుమందు శరీరంలో ఏ తలుపు తడుతుందో ఇదీ అదే తలుపు తట్టగలదు. ఏ2లో ప్రోలిన్ గట్టి ముడిలా పనిచేయడంతో ఆ ముక్క ఊడిరావడం చాలా తక్కువ.

ఇంకేం! 2000లో న్యూజిలాండ్‌లో ఏ2 పాల కోసమే ఒక కంపెనీ వెలిసింది. 2007లో అక్కడి ప్రొఫెసర్ కీత్ వుడ్‌ఫర్డ్ రాసిన పుస్తకం పాలలో దెయ్యముందన్న అర్థం వచ్చే పేరుతోనే విడుదలై ప్రపంచమంతా చర్చ లేపింది.

అయితే దేశాల లెక్కలు పోల్చడంలో ఓ చిక్కుంది. వానాకాలంలో వీధుల్లో గొడుగులు పెరుగుతాయి, ఇళ్లలో జలుబులూ పెరుగుతాయి. గొడుగు వల్లే జలుబు వచ్చిందంటే ఒప్పుకుంటామా? పాలు ఎక్కువ తాగే చలిదేశాల్లో ఎండ, తిండి, సంపద, వంశపారంపర్యం... అన్నీ వేరే. ఆ మాటే శాస్త్రవేత్తలు అడిగారు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసి 2009లో నివేదిక ఇచ్చింది. ఆ ముక్కకూ మధుమేహం, గుండె జబ్బులు లాంటి వాటికీ కార్యకారణ సంబంధం ఉన్నట్టు తేలలేదని చెప్పింది.

అలాగని కథ పూర్తిగా అయిపోలేదు. 2014లో ఆస్ట్రేలియాలో 41 మంది మీద, 2016లో చైనాలో 45 మంది మీద జరిగిన ప్రయోగాల్లో ఏ1 ఉన్న పాలు తాగినప్పుడు కొందరికి కడుపులో ఇబ్బంది ఎక్కువైనట్టు కనిపించింది. ఈ ప్రయోగాలు చిన్నవి. ఖర్చు పెట్టుకున్నది ఏ2 పాలు అమ్మే కంపెనీ. కాబట్టి కొట్టిపారేయనక్కర్లేదు, కళ్లకద్దుకోనూ అక్కర్లేదు. పాలు తాగితే కడుపు ఉబ్బరించే కొందరికి ఏ2 పాలు కాస్త తేలిగ్గా ఉండొచ్చు. ఇవాళ్టి సైన్సు చెప్పగలిగింది ఆ మేరకే. ‘విషం’ అన్న మాటకు మాత్రం ఇందులో ఎక్కడా చోటు లేదు.

నెయ్యికీ నంబరా?

ఈ జోరులో అందరూ మరిచిపోతున్న సంగతి ఒకటుంది. ఏ1, ఏ2 అన్నవి ప్రొటీన్ పేర్లు. నెయ్యిలో 99 శాతానికి పైగా కొవ్వే. వెన్న తీసేటప్పుడే కేసిన్‌లో ఎక్కువ భాగం మజ్జిగలోకి పోతుంది. మిగిలిన కాస్తా కాచేటప్పుడు మాడి అడుగున మడ్డిగా దిగుతుంది. దాన్ని వడకట్టి పారేస్తాం. లేని ప్రొటీన్‌కు నంబరు వేసి, చాలాచోట్ల రెండు మూడు రెట్ల ధర తీసుకుంటున్నారు. దేశవాళీ ఆవు నెయ్యి వాసనా రుచీ ఇష్టమైతే ఆ పేరుతోనే కొనుక్కోవచ్చు. ‘ఏ2’ అన్న రెండక్షరాలకు మాత్రం విడిగా డబ్బులు పోయనక్కర్లేదు.

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2024 ఆగస్టు 21న సరిగ్గా ఇదే చెప్పింది. ఏ1, ఏ2 తేడా బీటా కేసిన్ నిర్మాణానికి సంబంధించింది కాబట్టి కొవ్వు పదార్థాల మీద అలా రాయడం తప్పుదోవ పట్టించడమేననీ, పాల ప్రమాణాల్లోనూ ఇలాంటి విభజన లేదనీ అంటూ ఆ రాతలు తీసేయమంది. అయితే అయిదు రోజులకే, ఆగస్టు 26న, అందరితో మరింత చర్చించాలంటూ ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకుంది. ఆదేశం పోయిందేగానీ నెయ్యిలోకి ప్రొటీనేమీ వచ్చి చేరలేదు!

బీటా ఒక్కటే కాదు

పాల జన్యువుల్లో తేడాలంటే ఏ1, ఏ2 మాత్రమే కాదు. కేసిన్ కుటుంబంలోనే కప్పా కేసిన్ అని మరొకటి ఉంది. పాలలో కేసిన్లు సన్నటి ఉండల్లా తేలుతుంటాయి. ఆ ఉండలు ఒకదానికొకటి అంటుకోకుండా పైన నూగులా కాపలా కాసేది కప్పా కేసినే. చీజ్ తయారీలో వాడే రెన్నెట్ అనే ఎంజైమ్ ఈ నూగును కత్తిరిస్తుంది. ఉండలు అతుక్కుని పాలు గడ్డకడతాయి.

ఇందులో ‘ఏ’ రకం, ‘బీ’ రకం ముఖ్యమైనవి. ‘బీ’ ఉన్న పాలు త్వరగా, గట్టిగా గడ్డకడతాయి. అదే పాలతో చీజ్ కాస్త ఎక్కువగా వస్తుంది. జెర్సీ ఆవుల్లో ‘బీ’ ఎక్కువ, హోల్‌స్టీన్‌లో ‘ఏ’ ఎక్కువ. పాలలో ఎక్కువ భాగం చీజ్‌కే పోయే ఇటలీ లాంటి దేశాల్లో ఈ జన్యువు చూసి ఆబోతుల్ని ఎంచుకోవడం ఎప్పుడో మొదలైంది. మన ఇంట్లో తోడు పెట్టే పెరుగు సంగతి వేరు. అక్కడ పనిచేసేది కత్తెర కాదు, బ్యాక్టీరియా పుట్టించే పులుపు.

అంటే ఒక జన్యువు మంచిదా చెడ్డదా అన్నది ఆ పాలతో ఏం చేస్తామన్న దాన్ని బట్టి ఉంటుంది. అన్నిటికీ పనికొచ్చే ‘మంచి అక్షరం’ ఒకటుండదు.

ఒంగోలు ఆవుకు ఇది చాలదు

దేశవాళీ ఆవును కాపాడుకోవాలనేవారు ఏ2నే పెద్ద ఆయుధంగా చేసుకున్నారు. ఉద్దేశం మంచిదే. ఆయుధమే నమ్మదగింది కాదు. ఎందుకంటే ఈ అక్షరాన్ని మార్చుకోవడం ఎవరికైనా తేలిక. హోల్‌స్టీన్ మందలో సగం జన్యువులు ఏ1 అనుకుందాం. రెండు ఏ2 జన్యువులున్న ఆబోతుల వీర్యమే వాడుతూ పోతే పుట్టే దూడల్లో అది నాలుగో వంతుకు పడిపోతుంది. మరుసటి తరంలో ఎనిమిదో వంతు. ఆపై తరంలో పదహారో వంతు. విదేశాల్లో ఆబోతుల జాబితాల్లో పాల దిగుబడి పక్కనే ఈ వివరమూ అచ్చేస్తున్నారు. అలాంటి వీర్యానికి గిరాకీ కూడా ఉంది. రేపు హోల్‌స్టీన్‌లన్నీ ఏ2 పాలే ఇస్తే, అప్పుడు మన ఆవు గొప్ప ఏమిటని చెబుతాం?

చెప్పడానికి బోలెడుంది. మండే ఎండను తట్టుకోవడం, గోమార్లను ఓర్చుకోవడం, నాసిరకం గడ్డితోనే నెగ్గుకురావడం... ఇవేవీ ఒక్క అక్షరంతో వచ్చినవి కావు. వేల ఏళ్లుగా వందల జన్యువులు కూడబెట్టిన ఆస్తి ఇది. దాని విలువ తెలుసుకునే బ్రెజిల్ మన ఒంగోలు జాతిని తీసుకెళ్లింది. నెల్లూరు పేరు మీద ‘నెలోర్’ అని పిలుస్తూ తన మాంసపు మందల్లో సింహభాగాన్ని దాంతోనే నింపుకుంది. వాళ్లు చూసింది పాలమీది అంకెను కాదు, పశువు సత్తువను.

అటు సంకర జాతి ఆవును నమ్ముకున్న రైతుదీ న్యాయమైన బాధే. ఒంగోలు ఆవు పూటకు లీటరో, రెండు లీటర్లో ఇచ్చే చోట అతని ఆవు అంతకు ఎన్నో రెట్లు ఇస్తుంది. ఆ పాలను విషమనడం అతని కష్టాన్ని అవమానించడమే. కావాలనుకుంటే అతనూ ఏ2 ఆబోతు వీర్యం అడిగి వేయించుకోవచ్చు. తన ఆవును అమ్ముకోనక్కర్లేదు.

కొనేముందు...

మరి ఇల్లాలు ఏం చేయాలి? ఏ2 పాలు కొనాలనుకుంటే, ‘మీ ఆవులకు జన్యు పరీక్ష చేయించారా?’ అని అమ్మేవారిని అడగాలి. సీసా మీద ఆవు బొమ్మో, మూపురమో సాక్ష్యం కాదు. గేదె పాలు పోయించుకునేవారైతే ఈ ప్రశ్నే అక్కర్లేదు.

అంతకంటే ముఖ్యమైనవి రెండున్నాయి. పాల ప్రొటీన్‌తో అలర్జీ ఉన్న పిల్లలకు ఏ2 పాలు మందు కాదు. దద్దుర్లు, వాంతులు, ఆయాసం వచ్చే బిడ్డకు ‘ఇవి వేరే పాలు’ అని పట్టించడం ప్రమాదం. వైద్యుణ్ని అడగాల్సిందే. ఇక రెండోది... చాలామంది పెద్దవాళ్లకు పాలు పడకపోవడానికి కారణం లాక్టోజ్ అనే చక్కెర. ఏ1 అయినా ఏ2 అయినా పాలలో లాక్టోజ్ అంతే ఉంటుంది. అలాంటివారికి పెరుగూ మజ్జిగా మేలు. తోడుకునేటప్పుడు బ్యాక్టీరియా ఆ చక్కెరలో కొంత తినేస్తుంది కదా.

ఈ సంగతులన్నీ విన్నాక ఆ కోడలు సీసా పట్టుకుని కాసేపు ఆలోచనలో పడింది.

‘‘అయితే రేపట్నుంచి మళ్లీ గేదె పాలే పోయిద్దామా అత్తయ్యా?’’

‘‘నీ ఇష్టం అమ్మాయ్. ఏ పాలైనా సరే, నీళ్లు కలపకుండా పోసేవాణ్ని మాత్రం చూడు’’ అంటూ ఆవిడ పాలగిన్నె పొయ్యి మీద పెట్టింది.